మీరా హుస్సేన్ పాతిన పుల్లలు

మీరా హుస్సేన్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. మైకు సెట్టువాడి గురించి ఎవడు రాస్తాడు? కథ బాగుంటే కథకుణ్ణి మెచ్చుకుంటారు, బాగుండకపోతే మైకువాణ్ణి తిడతారు. ఆ తిట్టేవాళ్ళలో నేను మొదటివాణ్ణి గనుక నేనే రాస్తున్నాను.

నా పేరు లక్ష్మీనరసింహం. ఎలిమెంటరీ స్కూల్లో మేష్టర్ని, సెలవుల్లో బుర్రకథకుణ్ణి. మధ్యలో తంబురా భుజాన వేసుకుని నేను, కుడిపక్క నవ్వించడానికి పేరయ్య, ఎడమపక్క ప్రేమమ్మ. ఇద్దరి దగ్గరా గుమ్మెటలు ఉండేవి గాని, పేరయ్య గుమ్మెట అలంకారం. జోకు పేలినప్పుడు దాని మీద నాలుగు దెబ్బలు వేసేవాడు, అంతే. కథను మోసేది ప్రేమమ్మ గుమ్మెట. మట్టికుండకు ఒక మూతిన ఉడుంతోలు బిగించి ఉంటుంది, రెండో మూతి ఖాళీ. కుడిచేత్తో తోలు మీద వాయిస్తూ ఎడమ అరచేత్తో ఆ ఖాళీమూతిని మూస్తూ తెరుస్తూ ఉంటే, 'గుమ్' అన్న ఒక్క శబ్దమే ఏడుస్తుంది, నవ్వుతుంది, నడుస్తుంది. ఆ గుమ్మెట వాళ్ళ నాన్న ఇమ్మానియేలుది. ఆయన పోయాక కూతురు ఎత్తుకుంది. ఆడది గుమ్మెట వాయించడమేమిటని మొదట్లో నోరు పారేసుకున్నవాళ్ళంతా రెండో కథకల్లా నోరు మూసుకున్నారు.

యాభైఆరులో మాకు మైకు వచ్చింది. మైకుతో పాటు మీరా హుస్సేన్ వచ్చాడు.

పెదకాకాని మనిషి. గళ్ళలుంగీ, ఖాకీచొక్కా, చెవి మీద సగం కాల్చిన బీడీ. ఆంప్లిఫయర్ను బొంతలో చుట్టి సైకిలు క్యారేజీకి కట్టుకుని వచ్చేవాడు. హారన్లు రెండూ, లారీ బ్యాటరీ మా సామాన్లబండిలో వచ్చేవి. మైకుకు ముందు గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో నూనె పోసే పని చేశాడు. ఒకే కొట్టంలో పత్తిగింజ తీసే జిన్నులు ఇరవైనాలుగు వరసగా తిరుగుతుంటే పక్కనున్నవాడు అరిచినా వినపడదు. అక్కడ పదేళ్ళు చేసినవాళ్ళకు సగం చెవుడు ఖాయం. ఇతను మాత్రం గుమ్మంలో నిలబడి, "పదహారోదాని రోలరు తోలు అరిగింది" అనేవాడట. ఫోర్మన్ విప్పి చూస్తే అరిగే ఉండేదట. ఈ మాట పేరయ్య చెప్తే నేను నమ్మలేదు. పేరయ్య చెప్పేవాటిలో సగానికి సగం కోసి నమ్మడం నాకు అలవాటు. తర్వాత ఒకరోజు బస్సులో వెళ్తుంటే మీరా హుస్సేన్ డ్రైవరుతో, "ఎడమ వెనకచక్రం బేరింగు చూపించండన్నా" అన్నాడు. రెండు మైళ్ళు వెళ్ళాక బస్సు ఆగిపోయింది. ఎడమ వెనకచక్రమే. ఆ మిగిలిన సగం కూడా అప్పటికప్పుడు నమ్మేశాను.

మిగతా మైకువాళ్ళు "హలో హలో" అని పరీక్షిస్తారు. మీరా హుస్సేన్ ఆ మాట అననిచ్చేవాడు కాదు. "హలో గాడిదకైనా వినపడుద్ది" అనేవాడు. పేరయ్యను మైకు ముందు నిలబెట్టి, "శనగపప్పు, చింతపండు, గుమ్మడికాయ" అని అదేపనిగా అనిపించేవాడు. జనం ఇదేదో కొత్త హాస్యమనుకుని నవ్వేవాళ్ళు. పేరయ్య కూడా రెచ్చిపోయి మునక్కాడలు, మెంతులు కలిపేవాడు.

"ఒరేయ్ హుస్సేనూ, కథా ఇది, కొట్టు సరుకా?"

"చెప్పింది చెప్పు బాబాయ్. మెంతులు నాకొద్దు."

పేరయ్య అలా అంటూ ఉండగా ఇతను చంకలో మూడు పత్తికట్టెలు పెట్టుకుని జనం కూర్చునేచోటు దాటి నడుస్తూ పోయేవాడు. మాట స్పష్టంగా వినపడడం ఎక్కడ ఆగితే అక్కడ ఒక పుల్ల పాతేవాడు. మాట పోయి, గొంతు మాత్రం వినపడే దూరం ఇంకా కొంత ఉంటుంది. గొంతూ పోయినచోట రెండో పుల్ల. తర్వాత గుమ్మెట వాయించమని చెయ్యి ఊపేవాడు. దరువు పోయినచోట మూడో పుల్ల. మళ్ళీ వెనక్కి వచ్చి ఆంప్లిఫయర్ మీద ఉన్న టోన్ నాబును వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ నడక. కథ మొదలయ్యేలోపు రెండుమూడు మైళ్ళు నడిచేవాడని నా లెక్క. ఆంప్లిఫయర్ రేకు మీద, ఆ నాబు చుట్టూ సున్నంతో చుక్కలు పెట్టుకున్నాడు. హరికథకు ఒక చుక్క, పద్యనాటకానికి ఒకటి, పెళ్ళికి ఒకటి, ఎన్నికల మీటింగుకు అన్నిటికంటే కుడివైపున ఒకటి.

ఆ నాబు దగ్గరే మా ఇద్దరికీ పేచీ. కుడికి తిప్పితే గొంతు సన్నబడి గణగణమంటుంది. ఎడమకు తిప్పితే బరువెక్కి, మరీ తిప్పితే బొంగురుపోతుంది. నాకు గణగణే కావాలి. నాకే కాదు, ఆ రోజుల్లో అందరికీ అదే పిచ్చి. మైకు మంచిదా కాదా అని తేల్చేది అది ఎన్ని ఊళ్ళకు వినపడిందన్న దాన్నిబట్టే. "నిన్న నీ కథ పక్కూరికి వినపడింది మేష్టారూ" అంటే నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు. అందుకని కథ మొదలయ్యే ముందు నేనే వెళ్ళి నాబును కుడివైపు చివరికంటా తిప్పేసేవాణ్ణి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకోగానే అతను మెల్లగా వెనక్కి తిప్పేవాడు. నేను కళ్ళు తెరిచి గుర్రుమని మళ్ళీ కుడికి తిప్పించేవాణ్ణి. ఏడేళ్ళు ఇదే కాపురం.

అరవైమూడుకు వచ్చేసరికి నాకు ఒక దిగులు పట్టుకుంది. నేను సొంతంగా కట్టిన కథ ఒకటుంది. నందన కరువు కథ. మా ముత్తాతల కాలంలో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమ ఎండిపోతే, జనం పిల్లల్ని చంకనేసుకుని మద్రాసు బాట పట్టి, సగంమంది దారిలోనే రాలిపోయిన కథ. అందులో "నడిచారు, నడిచారు" అని ఒక పెద్ద చరణం ఉంది. ఒకప్పుడు ఆ చరణానికి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు సరిగ్గా ఆ చరణం మధ్యలోనే జనం కదలడం మొదలుపెట్టారు. ఒకడు దగ్గుతాడు. ఒకడు బీడీకి నిప్పడుగుతాడు. ఇద్దరాడవాళ్ళు మాటల్లో పడతారు. ఒక ఊళ్ళో కాదు, ప్రతి ఊళ్ళోనూ అదేచోట. నేను గొంతు చించుకుంటున్నాను, పక్కన ప్రేమమ్మ గుమ్మెట మోగిపోతోంది, అయినా జనం జారిపోతున్నారు. ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు. కారణం దొరకనివాడికి కాలాన్ని తిట్టడం తేలిక. సినిమాపాటలు మరిగి జనం చెడిపోయారన్నాను. గుమ్మెట మోటువాద్యమైపోయిందన్నాను. తెనాలి నుంచి ఒక హార్మోనియం ఆయన్ను మాట్లాడుకున్నాను. ముగ్గురి స్థానంలో నలుగురు నిలబడితే బుర్రకథ కాదు. పేరయ్య లేకపోతే నవ్వు ఉండదు. ఇక మిగిలింది ప్రేమమ్మ.

ఆమెకు నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక పేరయ్య చేత చెప్పించాను. "పోన్లే బాబాయ్, మేష్టారి కథ బాగుండాలి. కళ్ళాల్లో మిరపకాయల తొడిమలు తీసుకుంటాను" అన్నదట. పదమూడేళ్ళు గుమ్మెట వాయించిన చేతులు. ఆ మాట విని నాకు సిగ్గేసింది. సిగ్గేసినా మాట మార్చుకోలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గాని, ఆ బలం ఎందుకూ పనికిరానిదని నాకు అప్పటికింకా తెలియదు.

ఆమెకు ఆఖరిదని నేననుకున్న కథ పర్చూరు వైపు ఒక ఊళ్ళో. మాఘమాసం. ఎడ్ల బండలాగుడు పందేలు పెట్టారు. పొద్దున పందెం, సాయంత్రం నాలుగింటికి బుర్రకథ. చుట్టూ మిరపకళ్ళాలు, నేల కనపడకుండా ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఊరు ఊరంతా తుమ్ముతోంది.

మధ్యాహ్నం మీరా హుస్సేన్ నా దగ్గరికొచ్చి, "మేష్టారూ, ఒక్కసారి నాతో నడవండి" అన్నాడు. ఏడేళ్ళలో నన్ను పిలవడం అదే మొదలు. ముందు స్టేజీకి పదడుగుల దూరంలో ఆగాడు. అక్కడ ఒక పత్తిపుల్ల ఉంది. దాన్ని దాటి నడిచి నడిచి, ఎడ్లు కట్టేసినచోటు కూడా దాటాక రెండో పుల్ల. అక్కడికి మూడువందల అడుగుల అవతల, కళ్ళాల గట్టు మీద మూడోది.

"ఆ దూరంగా ఉన్నది మీ గొంతు పోయేచోటు. ఇది మాట పోయేచోటు."

"మరి స్టేజీ దగ్గరున్నది?"

"అది ప్రేమమ్మ పుల్లండి."

నాకు అర్థం కాలేదు. పదడుగులా?

"పెళ్ళివారు వస్తుంటే ఊరి బయట నుంచి మీకు ముందు వినపడేది ఏందండీ? డోలా, సన్నాయా?"

"డోలు."

"గదా. మైకు లేకపోతే ఆమె పుల్ల అందరికంటే దూరంగా ఉండాలి. నా హారన్లు బరువు శబ్దాన్ని మింగేస్తున్నయ్. వాటి గొంతు సన్నం, వాటి గోలలో ఆమె అసలు దరువు కూడా మునిగిపోద్ది. మీరేమో నాబు కుడికి తిప్పి ఆ మిగిలిన కాస్తా తీసేస్తున్నారు. స్టేజీ మీద ఆమె మీ పక్కనుంటది గాబట్టి మీకు వినపడుద్ది. ముందు వరస దాటితే ఆమె లేదు. ఏడేళ్ళ నుంచి లేదు."

అంతలో స్టేజీ మీద ప్రేమమ్మ గుమ్మెటకు వేడి చూపించి సరిచూసుకుంటోంది. చెయ్యి ఆడుతోంది. మైకు పనిచేస్తోంది, పేరయ్య చింతపండు చింతపండులాగే వినపడుతోంది. గుమ్మెట శబ్దం మాత్రం లేదు. ఆ ఆడే చెయ్యిని చూస్తూ నిలబడ్డాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను కోపంగా. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం అది.

"చెప్తే ఏం జేస్తారండీ? మందు దొరక్కుండా రోగం చెప్పగూడదు. ఇప్పుడు దొరికింది."

ఆ మందు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూతపడ్డ టూరింగు టాకీసు నుంచి ఒక పెద్ద కాగితపు స్పీకరు సంపాదించి ఏడాదిగా ఇంట్లో దాచాడట. విడిగా వాయిస్తే కాకిలా అరిచేదట. దాన్ని చూసి ప్రేమమ్మ, "కుండ తీసేస్తే నా గుమ్మెట మాత్రం ఏముంది అన్నా, ఇంత తోలుముక్క" అన్నదట. ఆ ఒక్కమాట పట్టుకుని వారంరోజులు నిద్రపోకుండా ఆలోచించాడట. ఇప్పుడు ఊరిపెద్ద జానకిరామయ్య గారి ఎడ్లకొట్టంలో నుంచి కుడితి గోలెం ఒకటి అడిగి తెచ్చి, స్టేజీ కింద పడుకోబెట్టి, మూతికి చెక్కబిగించి, చెక్కకు రంధ్రం చేసి అందులో ఆ స్పీకరు అమర్చాడు. గోలెం ఎంత కడిగినా కుడితివాసన పోలేదు. రెండో మైకును ప్రేమమ్మ ముఖం దగ్గర కాకుండా, గుమ్మెట ఖాళీమూతి దగ్గరికి తువ్వాలుతో కట్టాడు.

"ఒరేయ్, ఎడ్లు కథ వినడానికి వస్తాయిరా ఈ వాసనకు" అన్నాడు పేరయ్య.

మీరా హుస్సేన్ నాబు మీద చెయ్యి వేసి గోలెం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ప్రేమమ్మ వాయిస్తోంది. నాబును ఎడమకు తిప్పాడు. గోలెం గుమ్మని మోగింది, కాని హారన్లలో పేరయ్య గొంతు గోనెసంచిలో కూర్చున్నట్టయింది. కుడికి జరిపాడు. గొంతు వచ్చింది, గుమ్మెట చచ్చింది. మళ్ళీ ఎడమకు. మళ్ళీ నడక. ఈసారి పుల్లలు పీకి కొత్తచోట్ల పాతుతున్నాడు. అతను నాబు తిప్పుతున్నాడంటే తిప్పినట్టే కనపడదు, వేళ్ళు ఒత్తుకున్నట్టుంటుంది. అంతే. అంత తేడాకు పుల్ల నలభై అడుగులు జరుగుతుంది. నేను చదువుకున్నవాణ్ణి, గణపవరం నుంచి గన్నవరం దాకా సన్మానాలు చేయించుకున్నవాణ్ణి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. సున్నపుచుక్కల్లో దేని దగ్గరా ఆగలేదు ఆ నాబు. పెళ్ళి చుక్కకూ హరికథ చుక్కకూ మధ్య ఎక్కడో ఆగింది. చెయ్యి తీసేసి, "ఈ రోజుకు దీన్ని ముట్టుకోమాకండి మేష్టారూ" అన్నాడు. అలాగేనన్నాను.

నాలుగింటికి జనం మూడువేలకు పైనే. రైతులు, ఎడ్లతో వచ్చినవాళ్ళు, కళ్ళాల్లో పని వదిలి వచ్చిన ఆడవాళ్ళు. నందన కరువు మొదలుపెట్టాను. నా గొంతులో నాకిష్టమైన గణగణ కాస్త తగ్గింది. తగ్గితే తగ్గిందనుకున్నాను. కాళ్ళకింద చెక్కలు మాత్రం మెల్లగా అదురుతున్నాయి. ప్రేమమ్మ దెబ్బ వేసినప్పుడల్లా అరికాళ్ళలో తెలుస్తోంది.

చరణం వచ్చింది. "నడిచారు" అని ఎత్తుకున్నాను. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. మిరపఘాటు గొంతులోకి దిగింది. రెండో "నడిచారు" సగంలో ఊపిరి ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. ఇక జనం లేస్తారనుకున్నాను. దగ్గులు, బీడీలు, కబుర్లు, ఇంకేముంది.

ఒక్కడు కదలలేదు.

గుమ్మెట నడుస్తోంది. గుమ్, గుమ్, గుమ్. ఆకలితో ఉన్నవాడి అడుగులు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా, ఒకటి ఈడుస్తూ. అరచేత్తో కుండమూతి మూస్తే అడుగు మట్టిలో దిగినట్టు, తెరిస్తే ఎవరో పడిపోయినట్టు. ఆ శబ్దం స్టేజీ కింద నేలలో నుంచి లేచి జనం మీదుగా కళ్ళాల దాకా పోతోంది. దూరాన కట్టేసిన ఎడ్లు మేత మానేసి తలలెత్తాయి. ముందు వరసలో జానకిరామయ్య గారు అరచెయ్యి నేలకు ఆనించి కూర్చున్నారు. ఎక్కడో వెనక ఒక ఆడమనిషి బిగ్గరగా ఏడ్చింది. నేను అలా నిలబడి చూస్తున్నాను. నా కథలో ఇంత కరువుందని నాకే తెలియదు. కవిని నేనే, అయినా ఆ బాట మీద జనం నడుస్తుంటే మొదటిసారి చూసింది ఆ సాయంత్రమే.

అప్పుడు తెలిసింది. నాకు ఊపిరి ఆగడం ఈ రోజు మిరపఘాటుతో మొదలైంది కాదు. కొన్నేళ్ళుగా ఆ చరణంలో నాకు ఊపిరి చాలడం లేదు. ప్రతిసారీ అక్కడ ఆగుతూనే ఉన్నాను. ప్రతిసారీ ప్రేమమ్మ ఆ ఖాళీని నింపుతూనే ఉంది. పక్కనే వినపడుతోంది గనుక అక్కడ ఖాళీ ఉందని కూడా నేను ఎరగను. జనానికి మాత్రం ఆ నింపడం వినపడలేదు. వాళ్ళకు వినపడింది నేను ఆగిపోవడం ఒక్కటే. నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టిన మనిషిని, ఆమె వల్లే జనం లేస్తున్నారని పంపించేస్తున్నాను.

ఊపిరి అందింది. చరణం ఎలాగో ముగించాను. తర్వాత వెనక నుంచి ఎవరో, "వన్స్ మోర్!" అన్నారు. ఆ వెంటనే మూడువేల గొంతులు. పాతికేళ్ళుగా ఆ మాట కోసం బతికినవాణ్ణి, ఆ మాట ఎటు తిరిగి ఉందో నాకు తెలుస్తుంది. వాళ్ళడిగేది నా చరణం కాదు. నేను పాడనిచోటు.

తంబురా దించాను. మైకు దగ్గరికి వంగి, "అయ్యా, అమ్మా, ఇక్కడ నాకు ఊపిరి అందదు. కొన్నేళ్ళుగా అందడం లేదు. ఇన్నాళ్ళూ ఆ ఊపిరి పోసింది ఈమె. ఈమె పేరు ప్రేమమ్మ" అన్నాను.

ప్రేమమ్మ గాభరాగా నా వైపు వంగి, "అట్టా చెప్పమాకండి మేష్టారూ, కథ పాడైద్ది" అని గుసగుసలాడింది. మీరా హుస్సేన్ మైకు కట్టెయ్యలేదు. ఆ గుసగుస కూడా కళ్ళాల గట్టు దాకా వెళ్ళింది. జనం ఒక్కసారిగా నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆమె తలదించుకుని గుమ్మెట చంకలోకి లాక్కుంది. నేను చేతులు కట్టుకుని స్టేజీ చివరన నిలబడ్డాను, ఆమె వాయించడం మొదలుపెట్టింది.